ఊరికే ఉన్నప్పుడు

పని చెప్పినంతసేపూ గుర్రమే, అంది వెల్గా.
నాలుగు వందల పేజీలు స్కాన్ చేయించినా అలుపు లేదు.
టీ పెట్టుకుందామని లేచానా,
కెటిల్ కూత పెట్టేలోపు
చచ్చి ఊరుకుంటుంది.

లియెపాయాలో అది ఫిబ్రవరి.
సముద్రం మీంచి వచ్చిన గాలి నా షాపు తలుపుని
అప్పులవాడిలా బాదుతోంది.
ఆవిడ ఆ డబ్బాని
పిల్లలు మంచుమీద లాక్కునే బండిలో, దుప్పటి కప్పి,
ట్రామ్ పట్టాలు దాటించి తెచ్చింది.
రేవు మ్యూజియం కోసం
పాత చేపల పడవల లాగ్‌బుక్కులు ఎక్కిస్తుందట.
ఎంత కాడ్, ఎంత హెర్రింగ్, ఏ రోజు ఏ గాలి.

నేను ఇరవై రెండేళ్ళు ఓడల్లో ఎలక్ట్రీషియన్ని.
రోగం దాచుకునే యంత్రాలు నాకు కొత్త కాదు.
మూత విప్పాను. దుమ్ము, పిల్లి వెంట్రుకలు, ఒక ఎర్ర ఊలు పోగు.
మెమరీ కడ్డీలు తీసి, తుడిచి, చోట్లు మార్చాను.
రాత్రంతా పరీక్ష పెడితే ఒక్క తప్పూ లేదు.
ప్రాసెసర్‌ని నాలుగు గంటలు పరిగెత్తించాను,
ఫ్యాన్లు హోరెత్తాయి, వేడి డెబ్బై ఒకటి దాటలేదు.
కేబుల్ మార్చాను. గోడ ప్లగ్గు మార్చాను.
డ్రైవర్లు పీకి మళ్ళీ నాటాను.
వెల్గా ఫోన్ చేసినప్పుడల్లా
'చూస్తున్నా' అన్నాను, డాక్టర్ల గొంతుతో.

చిట్టా తెరిస్తే నలభై ఒక్కసార్లు అదే వాక్యం:
ఇంతకుముందు అనుకోకుండా ఆగిపోయాను.
లేచాక రాసుకున్నదే గాని
పోయేటప్పుడు ఒక్క ముక్క లేదు.
ఎవరు మాత్రం రాస్తారు.

ఇక మిగిలిన పరీక్ష
ఏమీ చేయకపోవడం.
మౌస్ ముట్టకూడదు. కీబోర్డు మీద మోచెయ్యి ఆనకూడదు.
కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
చెప్పుకోడానికి సిగ్గు గానీ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
ఓడలో ఇంజను హోరులో పసిపిల్లాడిలా పడుకునేవాణ్ణి.
హోరు ఆగిందా, పదహారు మందిమీ
ఒక్కసారే కళ్ళు తెరిచేవాళ్ళం.

మూడింటికి ఫ్యాన్ నెమ్మదించింది.
మూడూ పన్నెండుకి
టక్.
నీలి తెర లేదు, కేక లేదు, కాలిన వాసన లేదు.
లోపల పచ్చ చుక్క మాత్రం
ఏమీ ఎరగనట్టు వెలుగుతోంది.

అప్పుడు చదివాను పవర్ సప్లై మీద చీటీ:
పదమూడేళ్ళ కిందటి సరుకు.
ప్రాసెసర్ మొన్నటిది.
పని లేకపోతే ఎంత లోతుకి నిద్రపోతుందంటే
గుక్కెడు కరెంటు కూడా తాగదు.
పాతదానికి ఆ నిద్ర తెలీదు.
పిలిచింది, పలుకు లేదు,
ఇంట్లో ఎవరూ లేరనుకుని
దీపం ఆర్పి తాళం వేసేసింది.

తప్పు ఎవరిమీద రాయను?
కొత్తది కొనమంటే ఆవిడ పర్సు వైపు ఎలా చూస్తుందో తెలుసు.
బయాస్‌లోకి వెళ్ళి, అడుగున, ఒక్క వరుస మార్చాను:
మరీ లోతుకి పోకు. కునుకు చాలు.
ఊరికే ఉన్నా కాస్త ఊపిరి వినపడనీ.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి అలాగే వదిలేసి వెళ్ళాను.
సోమవారం తొమ్మిదికి అరవై మూడు గంటలు,
బతికే ఉంది.

"అంటే ఐనార్స్, హాయిగా పడుకుంటే పీక నొక్కేసేదా?"
"దాదాపు."
"మా కుట్టుమిల్లు ఫోర్‌మన్ అచ్చం ఇంతే," అంది.
డబ్బుతో పాటు, కాగితంలో చుట్టి, పొగబెట్టిన కాడ్ ఇచ్చింది.
మూడు రోజులు స్క్రూడ్రైవర్లకి కూడా అదే వాసన.

ఏప్రిల్లో ఆవిడ వీధిన పోతూ కిటికీలోంచి చూశాను.
ఒక చేతిలో టీ కప్పు.
రెండో చెయ్యి, నిమిషానికోసారి,
నిద్రపోయే పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసినట్టు
మౌస్‌ని కదుపుతోంది.
అక్కర్లేదమ్మా అని చెప్పొచ్చు.
గాలి ఎక్కువగా ఉంది.
కాలర్ ఎత్తుకుని నడిచాను.